వెయ్యి ఉలవల లెక్క

కెంపుగట్టులో ఎవరూ దేన్నీ ఊరికే వెతకరు. కత్తెర కనబడకపోతే సొరుగులన్నీ తిరగెయ్యడం, చెప్పు కనబడకపోతే మంచం కింద దూరడం భూమ్మీది అలవాట్లు. అంగారకుడి మీద, ఆ నాలుగొందల పన్నెండుమంది ఊళ్ళో, గోడవైపు తిరిగి "ఆనవాలూ, నా కత్తెర" అంటే సరిపోతుంది. గోడ రెండు మూడు ప్రశ్నలు వేస్తుంది. చివరిసారి దేనికి వాడారు? మీ ఆయన తీసిన వస్తువు తీసినచోట పెడతారా? పక్కింటావిడ అరువు పట్టుకెళ్తే తిరిగి ఇస్తుందా? సమాధానాలు విని, "కుట్టుమిషను సొరుగులో అరవై శాతం, పక్కింట్లో ముప్ఫై, మిగతాచోట్ల పది" అంటుంది. సొరుగు తీసి చూసి "లేదు" అంటే, అప్పటికప్పుడు పక్కింటి వాటా పెరిగిపోతుంది.

ఆనవాలు అనే ఆ యంత్రం నడిచేది బేయీషియన్ స్టాటిస్టిక్స్ మీద. చూడకముందు ఉండే నమ్మకానికి ఒక అంకె వెయ్యాలి. దాన్ని ప్రయర్ అంటారు, కెంపుగట్టువాళ్ళకి 'ముందంచనా'. చూశాక ఆ అంకెని సవరించాలి. అది పోస్టీరియర్, 'మలి అంచనా'. ఊళ్ళో మట్టి పరీక్షలైనా, నేల అదుర్ల డేటా అయినా అందరూ ఈ పద్ధతిలోనే విశ్లేషిస్తారు. ఆనవాలు గొప్పతనమల్లా ఒకటే. తప్పిపోయినదాని ముందంచనా అది మనుషుల నోటి నుంచి రాబడుతుంది. ఎవరికి ఎవరు బాగా తెలుసో వాళ్ళనే అడుగుతుంది.

ఆ ఊళ్ళో ఈ లెక్క నేర్చుకోనని భీష్మించుకున్న మనిషి ఒక్కతే, పైడితల్లి. మట్టి రసాయనశాలలో పెద్ద శాస్త్రజ్ఞురాలు. నలభై ఎనిమిదేళ్ళది. "నమ్మకానికి అంకె వేస్తే అది సైన్సెలా అవుతుంది? కొలిచిందే చెప్పాలి" అని నాలుగేళ్ళుగా తరగతికి వెళ్ళడమే మానేసింది. ఆవిడకి ఇంకో పట్టుదల కూడా ఉంది. ఊరి గేటు దాటి బయటికి రాదు. వచ్చిన మొదటి ఏడు బయట నేల మీద ఉండగా హెల్మెట్ అద్దం బీటలిచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్ళలో మట్టే ఆవిడ దగ్గరికి వచ్చింది కానీ ఆవిడ మట్టి దగ్గరికి వెళ్ళలేదు.

భర్త గౌరునాయుడు నేల అదుర్లు కొలిచే పరికరాలు బాగుచేస్తాడు. నెమ్మదస్తుడు. పెట్టింది తింటాడు, చెప్పింది వింటాడు. ఒక మంగళవారం ఉదయం దక్షిణపు పరికరం చూసొస్తానని బండి తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి దుమ్ము తుఫాను లేచింది. రేడియో పోయింది. సాయంత్రానికి బండి ఒక్కటే, మైదానం మధ్యలో, దుమ్ము పట్టి మొరాయించి, ఖాళీగా కనబడింది. అందులో ఉండాల్సిన అత్యవసర గుడారం లేదు. అంటే ఆయన దాన్ని పట్టుకుని ఎక్కడికో నడిచాడు. గుడారంలో గాలి ఎనిమిది రోజులకి సరిపోతుంది.

ఆ సాయంత్రమే ఆనవాలు పైడితల్లిని డెబ్భై రెండు ప్రశ్నలు అడిగింది. దుమారం వస్తే ఆగుతారా, నడుస్తారా? నీళ్ళు దాచుకుంటారా? దారి తప్పితే ఎడమకి తిరుగుతారా, కుడికా?  ఆవిడకి కోపమేదో భయమేదో తెలియట్లేదు. "ఆయన గురించి ఆయనకంటే నాకే బాగా తెలుసు, ఇరవై రెండేళ్ళ కాపురం" అంటూ టకటకా చెప్పుకుపోయింది. అయ్యాక, అదేం అడిగిందో తనేం చెప్పిందో సగం గుర్తులేదు.

మర్నాటి నుంచి వెతుకుడు బళ్ళు బయల్దేరాయి. ఆ దుమ్ములో డ్రోన్లు ఎగరవు. పాకుతూ వెళ్ళే బళ్ళే దిక్కు. మనిషి వెచ్చదనాన్ని పదింట తొమ్మిదిసార్లు పసిగడతాయవి. నాలుగు రోజుల్లో మైదానం మొత్తాన్ని మూడుసార్లు దువ్వెన పెట్టి దువ్వినట్టు దువ్వాయి. ఏమీ దొరకలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం కూర్మారావు వచ్చాడు. వెతుకులాటకి అధికారి ఆయనే. గౌరునాయుడికి ప్రాణస్నేహితుడు, ఇద్దరూ బొబ్బిలి దగ్గరి పక్కపక్క ఊళ్ళవాళ్ళు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"వదినా, రేపు పొద్దున్న సభ పెడుతున్నారు."

"ఎందుకు?"

"వెతుకులాట ఆపమంటోంది ఆనవాలు. ఇసుకదిబ్బల కింద కూరుకుపోయి ఉండే అవకాశం తొంభై అయిదు శాతం అంటోంది. దిబ్బల కింద ఉంటే..." మిగతాది మింగేశాడు.

"ఆపమనడానికి అదెవరు కూర్మారావూ?"

"అది లెక్క, వదినా. దాంతో దెబ్బలాడలేం."

"ఎందుకు దెబ్బలాడలేం? తప్పు ఎక్కడుందో తెలిస్తే ఎవరితోనైనా దెబ్బలాడొచ్చు." పైడితల్లి లేచి ముఖం కడుక్కుంది. "రేపు సభకి వస్తాను. ఈలోపు ఆ లెక్కేమిటో నేర్చుకుంటాను. నువ్వు వెళ్ళు."

భోజనశాల ఆ వేళప్పుడు ఖాళీగా ఉంటుంది. ఆవిడ వెళ్ళి గోడకి ఎదురుగా కూర్చుంది.

"ఆనవాలూ, నీ లెక్క నాకు నేర్పు. రేపటికల్లా రావాలి."

"నేర్పుతాను. మీకు సూత్రంతో చెప్పమంటారా, వస్తువులతోనా?"

"సూత్రాలు చదివి వదిలేసినవే. కంటికి కనబడేలా చెప్పు."

"వంటగదిలో ఉలవలు ఉంటాయి. వెయ్యి గింజలు లెక్కపెట్టి తెచ్చుకోండి. మూడు పళ్ళేలు కూడా."

వెయ్యి ఉలవలు లెక్కపెట్టడానికి అరగంట పట్టింది. పచ్చటి గాజుతోటలో పండిన చిన్న చిన్న గింజలు. వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంటే పంతంగా ఏరుకుని మళ్ళీ లెక్కపెట్టింది.

"ఒక్కో గింజ మీ నమ్మకంలో వెయ్యోవంతు అనుకోండి" అంది ఆనవాలు. "గౌరునాయుడుగారు వెళ్ళగల చోట్లు మూడు. మైదానం, ఇసుకదిబ్బలు, ఉత్తరపు చరియలు. వెతక్కముందు మైదానం పళ్ళెంలో తొమ్మిదొందల ఎనభై గింజలు పోశాను. దిబ్బల పళ్ళెంలో ఇరవై. ఇది ముందంచనా."

ఆవిడ పోసింది.

"ఇప్పుడు బండి మైదానమంతా ఒకసారి వెతికింది. దొరకలేదు. ఆయన అక్కడే ఉన్నా బండి పట్టుకోలేకపోయే అవకాశం పదింట ఒకటి. అంటే మైదానం గింజల్లో ఎన్ని ఉంచుతారు?"

"పదోవంతు. తొంభై ఎనిమిది."

"మిగతావి తీసెయ్యండి. రెండోసారి వెతికినా దొరకలేదు."

ఆవిడ మళ్ళీ తీసేసింది. పది మిగిలాయి. మూడోసారి తీసేస్తే ఒక్క గింజ మిగిలింది. దిబ్బల కింద ఉన్న మనిషి వెచ్చదనం పైకి తెలియదు కాబట్టి ఆ పళ్ళెంలో ఇరవై గింజలూ అలాగే ఉన్నాయి. మొత్తం ఇరవై ఒకటి. అందులో ఇరవై దిబ్బలవి.

"తొంభై అయిదు శాతం" అంది పైడితల్లి నెమ్మదిగా. ఇన్నాళ్ళూ దేన్ని చూసి ఎగతాళి చేసిందో అది చేతికి తగిలింది. దిబ్బల పళ్ళెంలో ఒక్క గింజ కూడా కొత్తగా పడలేదు. మైదానం ఖాళీ అవడం వల్లే అది బరువెక్కింది. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. చూసినదాన్ని బట్టి నమ్మకాన్ని సర్దుకోవడం, అంతే. తన రసాయనశాలలో మట్టి నమూనాలతో రోజూ మనసులో చేసేదే. దానికి అంకె వెయ్యడానికే ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదు.

అప్పుడు మూడో పళ్ళెం మీద చూపు పడింది.

"చరియల పళ్ళెంలో ఒక్క గింజా పొయ్యలేదేం?"

"ముందంచనా సున్నా."

"పోనీ ఒక్క గింజ ఉండి ఉంటే ఇప్పుడు లెక్కలోకి వచ్చేది కదా?"

"వచ్చేది. మిగతా పళ్ళేలు ఖాళీ అవుతున్నకొద్దీ ఒక్క గింజయినా బరువు తూగుతుంది. సున్నా మాత్రం తూగదు. దాన్ని దేంతో హెచ్చించినా సున్నాయే. ఎంత సాక్ష్యం వచ్చినా ఆ పళ్ళెం నిండదు. అందుకే ఈ పద్ధతిలో సున్నా వెయ్యకూడదని నేర్చుకునేవాళ్ళకి మొదటే చెప్తారు."

"మరి నువ్వెందుకు వేశావ్?"

"నేను వెయ్యలేదు. ఒక సాక్షి చెప్పారు."

"ఎవరు?"

"సభాధ్యక్షురాలు అడిగితేనే చెప్పాలి. నిబంధన."

పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది. ఉత్తరపు చరియలు ఆరేళ్ళ కిందట విరిగిపడి ముగ్గురు పోయారు. అప్పటి నుంచి అది నిషేధ ప్రాంతం. అడుగుపెడితే ఉద్యోగం పోతుంది, తర్వాతి ఓడలో భూమికి పంపేస్తారు. అక్కడికి బళ్ళు పంపడం వెతుకుడు శాఖకి తలనొప్పి. సున్నా వెయ్యాల్సిన అవసరం ఇంకెవరికుంది? గుమ్మం దగ్గర నీళ్ళు నమిలిన కూర్మారావు ముఖం గుర్తొచ్చింది.

మర్నాడు సభ నిండిపోయింది. అధ్యక్షురాలు విశాలాక్షమ్మ నెమ్మదిగా, మంచిగానే మొదలుపెట్టింది. అందరూ దుఃఖిస్తున్నామంది. పైడితల్లి మాట పూర్తికానివ్వలేదు. ఉలవల సంచీ, మూడు పళ్ళేలు బల్ల మీద పెట్టి, నిన్న నేర్చుకున్నదంతా వాళ్ళ కళ్ళ ముందు పోసి చూపించింది. చివరికి ఖాళీ పళ్ళెం చేత్తో ఎత్తి పట్టుకుంది.

"ఇందులో ఒక్క గింజ వెయ్యడానికి ఎవరికో చేతులు రాలేదు. బళ్ళు పాడవుతాయని భయమా? శాఖకి మాటొస్తుందని భయమా? ఆ సున్నా వేసినవాళ్ళు ఎవరో లేచి నిలబడమనండి. నా మొహం చూసి మళ్ళీ చెప్పమనండి!"

ఆవిడ కూర్మారావునే చూస్తోంది. ఆయన తలెత్తలేదు.

"వద్దమ్మా" అంది విశాలాక్షమ్మ.

"వద్దంటే ఊరుకోను. అడగండి."

విశాలాక్షమ్మ నిట్టూర్చి, "ఆనవాలూ, వినిపించు" అంది.

మొదట యంత్రం గొంతు వినబడింది. "ఉత్తరపు చరియల్లోకి వెళ్ళే అవకాశం వెయ్యింట ఎంత?"

తర్వాత ఆడమనిషి గొంతు, ఎగశ్వాసతో. "ఏం మాటది! అది నిషేధం కదా. ఒక్కటీ కాదు."

"సున్నా అని రాస్తే ఏ సాక్ష్యంతోనూ మారదు. వెయ్యింట ఒకటి అని రాయనా?"

"రాయకు! సున్నా అంటే సున్నా. నా మొగుణ్ణి దొంగని చేస్తావా?"

 పైడితల్లి చేతిలో పళ్ళెం అలాగే ఉంది. తన గొంతు తనకే పరాయిదిలా వినబడింది. ఆ సాయంత్రం ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది.

"ఇంకో సాక్షి కూడా ఉన్నారు" అంది ఆనవాలు. "కూర్మారావుగారు ఇదే ప్రశ్నకి వెయ్యింట ముప్ఫై అన్నారు. ఇద్దరి మాట కలవనప్పుడు దగ్గరివాళ్ళ మాటే చెల్లుతుంది. నిబంధన."

కూర్మారావు అప్పుడు లేచాడు. "వాడు నీతో చెప్పలేదు వదినా. రెండేళ్ళుగా ఈ లెక్కల తరగతికి వస్తున్నాడు. అదుర్ల డేటా అంతా కూర్చుని విశ్లేషించాడు. చరియల లోపల పెద్ద గుహ ఉండాలని తేలిందట. ఊరంతటికీ పనికొచ్చేంత పెద్దది. పైవాళ్ళు నమ్మలేదు. ఒక్క పరికరం అక్కడ పెట్టగలిగితే రుజువవుతుందని నాతో అన్నాడు. నీకు చెప్తే నవ్వుతావని, దక్షిణానికని చెప్పి..." ఆగిపోయాడు. "నువ్వే సున్నా అన్నాక, నాకెంత తెలుసులే అనుకున్నాను."

ఇంకొకరైతే అక్కడే కూలబడేవాళ్ళు.  పైడితల్లి బల్ల పట్టుకుని నిలబడింది.

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అంది.

"కుదరదమ్మా" అంది విశాలాక్షమ్మ. "వెతుకులాట మొదలయ్యాక వాంగ్మూలం మార్చకూడదు. బాధలో ఉన్నవాళ్ళు రోజుకో మాట చెప్తారు. అందుకే పెట్టుకున్నాం ఆ నియమం."

"నియమం పెట్టుకున్నారు సరే. లెక్క చూడండి." సంచీలోంచి ముప్ఫై ఉలవలు లెక్కపెట్టి ఖాళీ పళ్ళెంలో పోసింది.  "ముప్ఫై, ఇరవై, ఒకటి. యాభై ఒకటింట ముప్ఫై. సగానికి పైనే. గుడారంలో గాలి రేపటిదాకా ఉంది. బండి పంపుతారా, పంపరా?"

"నియమం మార్చాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఓటింగుకి రెండు రోజుల గడువివ్వాలి..."

"రెండు రోజుల తర్వాత మీరు ఓట్లు లెక్కపెట్టుకోండి. నేను వెళ్తున్నాను."

"నువ్వా?" అన్నారెవరో వెనకనుంచి. అది వెటకారం కాదు, నిజమైన ఆశ్చర్యం.

"నేనే. నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి."

గేటు దగ్గర బయటి దుస్తుల్లోకి కాలు దూర్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. హెల్మెట్ తల మీదికి దించగానే అద్దం మీద లేని బీట కనబడింది. కళ్ళు మూసుకుని తెరిచింది. బీట లేదు. గొళ్ళెం బిగించబోతే చేతులు మాట వినట్లేదు. పక్కనుంచి రెండు చేతులు వచ్చి దాన్ని బిగించాయి.

"నీకు బండి నడపడం రాదు" అన్నాడు కూర్మారావు. "నేను నడుపుతాను. నువ్వు వెతుకు."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ."

మూడు గంటల ప్రయాణం. దుమ్ము పల్చబడింది కానీ ఆకాశం ఇంకా తుప్పు రంగులోనే ఉంది. పైడితల్లి సీటు అంచు పట్టుకుని, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. చరియల దగ్గర బండి ఆగింది. అక్కడి నుంచి నడకే. మొదటి చీలికలో ఏమీ లేదు. రెండోదాంట్లోనూ లేదు. ప్రతిసారీ ఆవిడ మనసులో కొన్ని గింజలు తీసేసి మిగతా చోట్ల బరువు సర్దుకుంది. మూడో చీలిక చివర నేల ఒక్కసారిగా లోపలికి తెరుచుకుంది. ఊరంత గుహ. దాని మొదట్లోనే, రాళ్ళ పక్కన, పసుపు గుడారం.

గౌరునాయుడు లోపల పడుకుని ఉన్నాడు. చీలమండ విరిగింది, పెదవులు పగిలాయి. పక్కన అదుర్ల పరికరం ఎర్రదీపం వెలిగిస్తూ తన పని తాను చేసుకుపోతోంది. ఆయన ముందు కూర్మారావుని చూసి నవ్వాడు. వెనక ఉన్న మనిషిని చూసి నవ్వు ఆపేశాడు.

"నువ్వా?"

"ఏం, రాకూడదా?"

"వీడు ఎప్పటికైనా వస్తాడని లెక్కేసుకున్నాను. మొదటి రోజు సగానికి సగం, తర్వాత రోజు రోజుకీ తగ్గించుకుంటూ వచ్చాను. నువ్వు వస్తావని మాత్రం..."

"ఎంత వేశావ్ నాకు?"

ఆయన విరిగిన కాలు సర్దుకోబోయాడు.

"అడుగుతున్నాను కదా. రెండేళ్ళు తరగతికి వెళ్ళినవాడివి. నా అంకె ఎంత?"

"సున్నా" అన్నాడు గౌరునాయుడు, గుడారం గుడ్డవైపు చూస్తూ.

పైడితల్లి  వంగి ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది. "లే. నేనూ నీకు అంతే వేశాను. దారిలో తిట్టుకుందాం."

ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టారు. గుహ కొలతలు తీసుకోవడానికి ఆ పైవాళ్ళే బయల్దేరారు. ఈలోగా సభ ఆదేశం మీద ఆనవాలు తన దగ్గరున్న పాత వాంగ్మూలాలన్నీ తిరగేసింది. కత్తెరల దగ్గర నుంచి మనుషులదాకా, పదకొండేళ్ళవి. ఎక్కడెక్కడ సున్నాలు ఉన్నాయో, ఎవరు ఎవరికి వేశారో. ఫలితం సభలో చదివింది. ముక్కూమొహం తెలియనివాళ్ళ గురించి అడిగితే ఎవరూ సున్నా చెప్పలేదట, అందరూ ఎంతో కొంత ఉంచారట. సున్నాలన్నీ భార్యలు భర్తలకీ, భర్తలు భార్యలకీ, తల్లులు కూతుళ్ళకీ, అన్నలు తమ్ముళ్ళకీ వేసినవేనట. వాడు చచ్చినా అలా చెయ్యడు, దానికంత ధైర్యమెక్కడిది, ఆయన వంటగదిలోకి అడుగు పెట్టరు. సున్నా, సున్నా, సున్నా. "దగ్గరివాళ్ళ మాటే చెల్లుతుందని మీరు నాకు నియమం పెట్టారు" అంది యంత్రం. "నా డేటా ప్రకారం, కొత్త విషయం తెలుసుకోవడానికి అందరికంటే తక్కువ సిద్ధంగా ఉండేది వాళ్ళే." సభలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పక్కపక్కన కూర్చున్న మొగుడూ పెళ్ళాలైతే అసలు చూసుకోలేదు.

దగ్గరివాళ్ళ మాట చెల్లే నియమాన్ని ఆ పూటే కొట్టేశారు. కానీ నియమం మీరినందుకు శిక్ష అలాగే ఉంది. కూర్మారావు వెతుకులాట అధికారి కాబట్టి మందలింపు ఇచ్చి వదిలేశారు. గౌరునాయుడి మాట గుహ కొలతలు వచ్చాక చూద్దామన్నారు. పైడితల్లి ముందు మాత్రం విశాలాక్షమ్మ ఒక కాగితం పెట్టింది.

"అమ్మా, నిన్ను శిక్షించాలని ఎవరికీ లేదు. భర్త పోయాడన్న దుఃఖంలో మతి చలించి నిషేధ ప్రాంతంలోకి వెళ్ళానని ఇందులో రాశాం. చిన్న సంతకం పెట్టు, ఇక్కడితో అయిపోతుంది. లేకపోతే తెలిసి చేసినట్టవుతుంది. భూమికి పంపకపోయినా రసాయనశాల పదవి తీసెయ్యాల్సి వస్తుంది."

పైడితల్లి కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. కలం తీసుకుని మధ్యలో ఒక వాక్యం అడ్డంగా కొట్టేసి, కాగితాన్ని అధ్యక్షురాలి వైపు తోసింది.

"మతి చలించింది మొదటి రోజు. ఆ సున్నా చెప్పిన రోజు. కావాలంటే అది రాసుకోండి, ఒప్పుకుంటాను. ఏడో రోజు నాకు మతి సరిగ్గానే ఉంది."

"పైడితల్లీ, పదవి పోతుంది."

"పోనివ్వండి. దుఃఖంలో వెళ్ళానని మాత్రం రాయొద్దు. లెక్క చూసుకుని వెళ్ళానని రాయండి. అప్పుడు పెడతాను సంతకం."